చర్మమును పెంచు శస్త్రవిద్య



గర్భిణి యుదరము నెలనెలకు పెరుగుచుండ, దానిపై చర్మము చినుగదు, తానును పెరుగును. బరువైన కమ్మలు ధరించిన ముదుసలుల చెవితమ్మెలు వ్రేలాడుట మీరెరిగినదే. మెల్లమెల్లగా లాగిన చర్మము సాగుటయే గాక వృద్ధియు నొందును. ఈ ప్రకృతిధర్మమే నేటి శస్త్రవైద్యులకు సాధనమైనది.

ప్రక్కచర్మముతో లోపమును పూడ్చుట మనకు క్రొత్తగాదు. చెక్కిలి చర్మముతో ముక్కును నిర్మించు విధానము సుశ్రుతసంహితయందే కలదు. కాని తెచ్చినచోట కొరత యేర్పడునుగదా! ముందుగా చర్మమును పెంచి, పిమ్మట తెచ్చుటయే క్రొత్త యుపాయము. 1957లో అమెరికా వైద్యుడు చార్లెస్ న్యూమన్ రబ్బరు బుడగతో చర్మమును పెంచి, తెగిన చెవిని బాగుచేసెను. 1976లో రాడోవన్ అను వైద్యుడు సిలికోను సంచితో ఈ పద్ధతిని వైద్యసభలో వివరించెను.

ఒక బాలుని తల కాలి, మచ్చపై వెండ్రుకలు మొలవవనుకొందము. తొడచర్మము నచట అతికినను జుట్టు రాదు. కావున మచ్చ ప్రక్కనున్న మంచి తలచర్మము క్రింద ఖాళీ సంచి నుంతురు. రెండు మూడు వారములకు గాయము మానిన పిదప, వారమున కొకమారు సూదితో సెలైను నింపుదురు. కొన్ని నెలలకు చాలినంత చర్మము పెరుగును. అప్పుడు రెండవ శస్త్రచికిత్సలో సంచిని తీసి, మచ్చను కోసివైచి, పెరిగిన చర్మమును దానిచోట కప్పుదురు. వెండ్రుకల సంఖ్య పెరుగదు. అవి కొంత యెడమగును. ఐనను రంగును, జుట్టును ప్రక్కచర్మముతో కలిసిపోవును.

ఇందు తొందర పనికిరాదు. నింపునపుడు చర్మము తెల్లబారినను, నొప్పి హెచ్చినను వైద్యుడు నింపుట నిలుపును. ఎరుపు, జ్వరము, చీము, సంచి బయటపడుట కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి పోవలయును. పచ్చిగాయములకును, చీముపట్టిన పుండ్లకును ఈ చికిత్స తగదు.

అన్నిటికంటె కష్టమైనది మధ్యకాలము. ఆ నెలలలో బాలుని తలపై సొరకాయవంటి యుబ్బు కనిపించును. అది కంతి గాదు, దోషము గాదు. దానిపై పసరు కట్టరాదు, వాత పెట్టరాదు. ఊరివారి మాటలకు వెరచి తల్లిదండ్రులు నడుమ మానినచో, పడిన శ్రమ వ్యర్థమై మచ్చ మిగిలిపోవును. అట్టి బిడ్డ మీ యూర నున్నచో, పరిహసించువారిని వారింపుడు. వారమువారము ఆసుపత్రికి పోవుటకు తోడ్పడుడు. పెద్దల మాటయే ఆ కుటుంబమునకు ధైర్యము.