జపాను వారి పంక్తిలో ఒక పూట

(సూరత్‌లో తెలుగు మాజీ సైనిక కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



"భోజనం సూరత్‌లో, మరణం కాశీలో" అని ఇక్కడి వారి సామెత. లింబాయత్, ఉధనా వైపు మగ్గాల మీద బతుకులు నిలబెట్టుకున్న మన తెలుగు వాళ్ళకి ఈ మాట కొత్త కాదు. లోచో, ఘారీ, ఉంధియు మనకీ అలవాటైపోయాయి. అలాంటి ఊళ్ళో నేను తిన్న ఒక జపాను భోజనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు.

నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశాను. జవానుకి రేషన్ చేర్చడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక హజీరా వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సు చూస్తున్నాను. 2019 డిసెంబరులో అక్కడి ఉక్కు కర్మాగారంలోకి నిప్పాన్ స్టీల్ భాగస్వామిగా వచ్చింది. అంతకుముందే 2017లో ముంబయి-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకి శంకుస్థాపన జరిగింది. అలా జపాను వాళ్ళు ఈ వైపు కనబడటం మామూలైంది. వారిలో ఒక ఇంజనీరు గారితో నాకు పరిచయం. స్వదేశం వెళ్ళిపోయే ముందు మా నలుగురిని తమ పద్ధతి భోజనానికి పిలిచారు.

నిజం చెప్పాలంటే వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది విశాఖ జిల్లా. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఊరు ఖాళీ చేసి పిల్లల్ని చంకనేసుకుని నడిచిన కథ మా నాయనమ్మ చెబుతుండేది. మా తాతగారు మద్రాస్ సాపర్స్‌లో ఉండి బర్మా రంగం చూసొచ్చిన మనిషి. బతికున్నంత కాలం జపాను పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. అలాంటి వారి మనవణ్ణి నేను. చివరికి మా ఆవిడ అంది, "పిలిచినాయన బాంబులెయ్యలేదు కదండీ, వెళ్ళి రండి" అని. వెళ్ళాను.

గుమ్మం దగ్గరే చెప్పులు విప్పించారు. లోపల గడ్డితో అల్లిన దళసరి చాపలు, వాటిని తతామి అంటారు. పొట్టి బల్ల, చుట్టూ దిండ్లు. గుమ్మానికి దూరంగా ఉండే చోటు పెద్దవారిది. వయసులో పెద్దవాణ్ణని నన్ను అక్కడ కూర్చోబెట్టారు. వేడి తడిగుడ్డ ఇచ్చారు. మా వాడొకడు దాంతో మొహం, మెడ శుభ్రంగా తుడిచేసుకున్నాడు. అది చేతులకి మాత్రమేనట! గుజరాత్‌లో మద్యనిషేధం కాబట్టి వారి సాకే లేదు, పచ్చటి టీయే. పర్మిట్ ఉన్న మిత్రులు నిరాశపడకండి.

తినబోయే ముందు ఆయన చేతులు జోడించి "ఇతదకిమాస్" అన్నారు. వినయంగా స్వీకరిస్తున్నాను అని అర్థం. మన పెద్దలు విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి దణ్ణం పెట్టుకోవడం గుర్తొచ్చింది. తర్వాత మీసో పులుసు వచ్చింది. గిన్నె చేత్తో ఎత్తి తాగడమే మర్యాద. శాకాహారులకు ఒక హెచ్చరిక: కూరగాయలే కనిపించినా ఆ పులుసుకి మూలమైన "దాషీ" చాలాసార్లు ఎండు చేపతో కాస్తారు. అడిగి తెలుసుకోండి. సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాచేదీ ఉంది. బౌద్ధ మఠాల వంట అలాంటిదే. ఆ పైన రొయ్యల తెంపురా వచ్చింది. ఒకప్పుడు మన కోస్తా చెరువుల టైగర్ రొయ్యకి జపానే పెద్ద గిరాకీ.

ఇక అసలు సంగతి. అన్నం గిన్నె వచ్చింది. మధ్యలో ఫోను మోగితే, చేతిలోని పుల్లలు రెండూ అన్నంలో నిలువుగా గుచ్చి ఫోనందుకున్నాను. బల్ల మీద మాటలు ఆగిపోయాయి. ఆయన ఏమీ అనకుండా వంగి, వాటిని నెమ్మదిగా తీసి పక్కనున్న చిన్న పీట మీద పెట్టారు. "మా దగ్గర చనిపోయినవారి తలాపున పెట్టే అన్నంలో అలా గుచ్చుతాం" అన్నారు. పుల్లల నుంచి పుల్లలకి పదార్థం అందించడమూ కూడదట. దహనం తర్వాత అస్థికలు అలా అందుకుంటారు.

నాకు సిగ్గేసింది. మాకూ చనిపోయినవారికి అన్నం ముద్ద పెట్టే ఆచారం ఉందని, పిండం సంగతి చెప్పాను. మాటల్లో మా తాతగారి సంగతీ వచ్చేసింది. ఆయన కాసేపు ఊరుకుని చెప్పారు. వాళ్ళ తాతగారి తమ్ముడు 1944లో కొహీమా వైపు వచ్చి తిరిగి వెళ్ళలేదు. అస్థికలకు బదులు ఒక రాయి ఉన్న పెట్టె ఇంటికి చేరింది. వాళ్ళమ్మ ఆ రాయి ముందు అన్నం గిన్నె పెట్టి, పుల్లలు గుచ్చి, రాత్రంతా కూర్చుందట.

మిత్రులారా, కొహీమా సంగతి మనకి తెలుసు. మన వైపు విమానాల్లోంచి రేషన్ జారవిడిచారు. వారి 31వ డివిజన్ మాత్రం మూడు వారాల రేషన్‌తో కొండలెక్కింది. తర్వాత సరఫరా అందలేదు. దాని కమాండరు జనరల్ సాతో, పై వారి ఆజ్ఞకు విరుద్ధంగా, మే నెలాఖరులో వెనక్కి నడిపించాడు. ఆ దారిలో తూటాతో పోయినవారికన్నా ఆకలితో, రోగంతో పోయినవారే ఎక్కువ. పుస్తకంలో చదివినప్పుడు ఇది నాకు లాజిస్టిక్స్ పాఠం. ఆ రాత్రి మాత్రం అది ఒక తల్లి పెట్టిన అన్నం గిన్నె.

మా తాతగారు కంచం ముందు నుంచి ఎందుకు లేచిపోయేవారో అప్పుడు కొంచెం అర్థమైంది. కోపమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ తిరుగుదారిలో ఆయన ఏం చూశారో మేమెవరం అడగలేదు. ఇంట్లో పాత సిపాయి ఉంటే అడగండి, తమ్ముళ్ళూ. మేము ఆలస్యం చేశాం.

గిన్నెలో మెతుకు మిగల్చకుండా తిన్నాను. లేచేముందు ఆయన "గొచిసోసమా" అన్నారు. అందులో "చిసో" అంటే మొదట పరుగులు పెట్టడమని అర్థమట. మన కోసం పరుగులు పెట్టి ఈ భోజనం సమకూర్చినవారికి కృతజ్ఞత అన్నమాట. సర్వీసంతా రేషన్ బళ్ళ వెంట పరిగెత్తినవాణ్ణి, ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. నేనూ చేతులు జోడించి అదే మాట అన్నాను. మా తాతగారి తరఫున కూడా అన్నాననే అనుకుంటున్నాను.

ఇప్పుడు మన భోజనాల వేళయింది. వంటశాలలో పొద్దున్నుంచి పరుగులు పెడుతున్న అమ్మలకి, కుర్రాళ్ళకి ఈ సభ తరఫున అదే మాట చెప్పి సెలవు తీసుకుంటాను. గొచిసోసమా! జై హింద్.