కాకిని కూడా రాయాలి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు సవివరంగా చెప్పారు. భోజనాలకు ముందు ఒక పావుగంట ఏదైనా తేలిక విషయం చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకు తెలిసిన తేలిక విషయం పిట్టల్ని చూడటం ఒక్కటే. సర్వీసంతా ఫైళ్లు చూశాను, రిటైరయ్యాక పిట్టల్ని చూస్తున్నాను. రెండింటికీ కావలసింది ఓపిక, ఒక నోటుబుక్కు.

ముందు పిట్టను గుర్తుపట్టే సంగతి. మనం మొదట రంగు చూస్తాం. రంగు ఎండను బట్టి మారిపోతుంది, నీడలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి. డాక్టర్ సలీం అలీగారు 1941లో వెలువరించిన భారతదేశ పక్షుల పుస్తకంలో మంచి పద్ధతి పెట్టారు. ఇది పిచ్చుకంత, అది గోరింకంత, మరొకటి కాకికన్న పెద్దది అని, అందరికీ తెలిసిన పిట్టనే కొలబద్దగా వాడారు. అంచేత ముందు సైజు చూడండి. తరువాత ముక్కు, తోక, కూర్చునే తీరు, చేసే పని. రంగు ఆఖరున. కరెంటు తీగ మీద చీలిన తోకతో నల్లగా కూర్చుని, ఎగిరి పురుగును పట్టుకుని మళ్లీ తీగ మీదికే వచ్చిందా, అది పసులపోలిగాడు. పొదల పక్కన నేల మీద తహసీల్దారులా నడుస్తూ, ఇటుకరంగు రెక్కలతో కనిపిస్తే జెముడుకాకి. చెరువు గట్టున మట్టిరంగులో కదలకుండా నిలబడి, ఎగిరేసరికి తెల్లగా అయిపోయేది గుడ్డికొంగ.

ఇక పాలపిట్ట దగ్గరికి వద్దాం. లకుముకిపిట్టను చూసి పాలపిట్ట అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. రెంటికీ నీలిరంగు ఉంది, రెండూ తీగల మీద కూర్చుంటాయి. తెల్లరొమ్ము లకుముకిపిట్ట నీటికి దూరంగా, ఇళ్ల మధ్య కూడా తిరుగుతుంది. దాని ముక్కు పొడుగ్గా, ఎర్రగా ఉంటుంది. గొంతు, రొమ్ము తెలుపు. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది; తల పెద్దది; రొమ్ము గోధుమరంగు మీద సన్నని తెల్లచారలు. కూర్చున్నప్పుడు ఏ అందమూ లేనట్టుంటుంది. రెక్క విప్పిందంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు కనిపించి మనిషి నిలబడిపోతాడు.

దసరానాడు పాలపిట్టను చూడటం మనకు ఆనవాయితీ. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్ర పక్షి, ఇప్పుడు తెలంగాణకు అదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. అయితే 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, పాలపిట్టలు బాగా తగ్గుతున్నాయనీ, ప్రపంచ రెడ్ లిస్టులో దాని స్థానాన్ని మళ్లీ పరిశీలించాలనీ చెప్పింది. ఇటువంటి సమయంలో పండగనాడు దాన్ని పంజరంలో పెట్టి వీధుల్లో తిప్పి డబ్బులడుగుతున్నారు. పట్టడం, బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మనం ఇచ్చే పది రూపాయలే పైసంవత్సరం మరో పిట్టను పట్టిస్తాయి. దయచేసి ఇవ్వకండి. ఊరి చివర తీగల మీద వెతుక్కుందాం.

వెతకడానికి బైనాక్యులర్స్ కావాలి. కొడుకులు, కోడళ్లు బహుమతిగా ఇస్తామంటే వద్దనకండి గాని, ఎటువంటిది కావాలో మీరే చెప్పండి. దాని మీద 8 × 25 అని ఉంటే ఎనిమిది రెట్లు పెంచి చూపిస్తుందని, ముందు అద్దం 25 మిల్లీమీటర్లని అర్థం. ఎక్కువ రెట్లయితే మంచిదని దుకాణంవారు చెబుతారు. పన్నెండు రెట్లు పెంచేది మన చేతివణుకును కూడా పన్నెండు రెట్లు పెంచుతుంది. ఎనిమిది చాలు. జూమ్ ఉన్నవాటి జోలికి పోవద్దు.

రెండో అంకెను మొదటిదానితో భాగించండి. కంటికి చేరే వెలుగు గుండ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 25ని 8తో భాగిస్తే మూడు పైచిలుకు, 32ను భాగిస్తే నాలుగు. 7 × 50 అయితే ఏడు దాటుతుంది. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో ఏడు దాకా విచ్చుకుంటుంది, మనది అంత విచ్చుకోదు. కాబట్టి ఆ పెద్ద అద్దం బరువు మెడకు మిగులుతుంది, వెలుగు బయటే ఉండిపోతుంది. జేబులో పట్టే 8 × 25 సుమారు మూడువందల గ్రాములుంటుంది. మెడ ఓర్చుకుంటే 8 × 32 తీసుకోండి, ఉదయం మసక వెలుతురులో అదే నయం.

కళ్లజోడు ఉన్నవారు ఐ రిలీఫ్ అనేది 15 మిల్లీమీటర్లు, ఆ పైన ఉందో లేదో అడగాలి. తక్కువైతే చుట్టూ నల్లగా కనిపిస్తుంది. కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి దించి చూడాలి. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయినవారికి ఇంకొక ముఖ్య విషయం. కుడి అద్దం మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి సరిచేయండి. తరువాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పండి. ఇది తెలియక ఎంతమంది తలనొప్పి అని అటక మీద పెట్టేశారో! కొనేముందు దుకాణం బయటికి వచ్చి, ఎదుటి బోర్డు అక్షరాలు రెండు నిమిషాలు చూడండి. సూర్యుడి వైపు మాత్రం చూడకూడదు, మనవలకు గట్టిగా చెప్పండి.

చివరగా నోటుబుక్కు. తేదీ, సమయం, స్థలం, ఎంతసేపు చూశారు, ఏ పిట్ట ఎన్ని. ఇందులో కాకిని, గోరింకను కూడా రాయాలి. అవి ఎప్పుడూ ఉండేవే కదా అని వదిలేస్తే, అవి తగ్గిన రోజున చూపడానికి రికార్డు ఉండదు. నేను చెప్పిన 2023 నివేదిక ముప్పై వేలకు పైగా మామూలు మనుషులు రాసిన లెక్కల మీద తయారైంది. ఫోనులో ఈబర్డ్ అనే దానిలో ఉచితంగా ఎక్కించవచ్చు. మనవడికో మనవరాలికో ఆ పని అప్పగించండి. సన్నని కూతలు మన చెవికి ఆనవు, వాళ్లకు వినిపిస్తాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. ఒక పావుగంట చూసి రాస్తే చాలు, డాబా మీద కుర్చీ వేసుకునైనా సరే. హాజరుపట్టీలు, క్యాష్ బుక్కులు కొట్టివేత లేకుండా రాసిన చేతులకు ఇదేమంత పని?

నా బైనాక్యులర్స్, నోటుబుక్కు వెనక బల్ల మీద పెట్టాను. చూసేవారు ముందు తాడు మెడలో వేసుకుని మరీ చూడవలసిందిగా మనవి. హాలు వెనక వేపచెట్టు మీద ఉదయం నుంచి రెండు పిగిలిపిట్టలు తిరుగుతున్నాయి. సెలవు.