యూనియన్ ఆఫీసు కంప్యూటరుకు మెమరీ ఎంత ఉండాలి?

(రాబర్ట్‌సన్‌పేటలో జరిగిన సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీ ముందు పెట్టే విషయం చూడ్డానికి చిన్నది. ఆఫీసులో కొత్త కంప్యూటరు కొనాలని పోయిన సమావేశంలోనే మీరు తీర్మానించారు. ఇప్పుడు తేలవలసింది అందులో మెమరీ ఎంత పెట్టించాలన్నదే. 4 జీబీయా, 8 జీబీయా, 16 జీబీయా? దీని మీద కార్యవర్గం మూడు సాయంత్రాలు కూర్చుంది. ఇంత మాత్రానికి మూడు సాయంత్రాలా అని నవ్విన వాళ్లున్నారు. నవ్వనివ్వండి. ఖర్చయ్యేది మీ చందా డబ్బు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పటి నుంచి ఈ ఊరి వాళ్లు ఎన్ని వేల మంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోతున్నారో మీకు తెలుసు. గార్మెంట్సుకు పోయే చెల్లెళ్లు వాళ్లలోనే ఉన్నారు. రీలింగు బేసిన్ల దగ్గర వేడినీళ్లలో వేళ్లు నానబెట్టుకుని పట్టు తీసే వాళ్ల చందా కూడా ఇందులో ఉంది. కాబట్టి లెక్క విప్పి చెప్పడం మా బాధ్యత.

పాతది ఎందుకు చాలడం లేదో ముందు చెప్తాము. అందులో మెమరీ 4 జీబీ. పోయిన ఏడు ఒక సోదరి పీఎఫ్ అడ్వాన్సు కోసం మన ఆఫీసుకు వచ్చింది. కూతురి కాలేజీ ఫీజుకు గడువు దగ్గర పడింది. ఆ రోజు కూలి వదులుకుని వచ్చి కూర్చుంది. ఫారం సగం నింపేసరికి యంత్రం బిగుసుకుపోయింది. ఓటీపీ ఆమె ఫోనుకు వచ్చింది గాని, దాన్ని కొట్టే పేజీ తెర మీదికి రాలేదు. వచ్చేసరికి గడువు దాటిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాము, మళ్లీ అదే కథ. మర్నాడు ఇంకొక కూలి పోగొట్టుకుని వస్తే గాని పని కాలేదు. చౌక కంప్యూటరు కొందామనే మిత్రులు ఆ రెండు రోజుల కూలిని కూడా ధరలో కలిపి చూడాలని కోరుతున్నాము.

మెమరీ అనే మాట దగ్గరే దుకాణాల్లో గందరగోళం మొదలవుతుంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మేము తిరిగిన ఒక అంగడిలో "512 మెమరీ ఉంది సార్, ఇంకేం కావాలి" అన్నారు. ఆ 512 ఫైళ్లు దాచుకునే చోటు. మనం అడిగేది ర్యామ్ గురించి. ఇవి రెండూ వేరు.

స్పిన్నింగులో పనిచేసిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రింగ్ ఫ్రేము పైన క్రీలుకు రోవింగు బాబిన్లు వేలాడుతుంటాయి. కదురుకు దారం అందేది అక్కడి నుంచే. గోడౌను నిండా బేళ్లున్నా, సింప్లెక్సు దగ్గర ట్రాలీల నిండా బాబిన్లున్నా, క్రీలులో బాబిను లేకపోతే కింద కదురు ఉత్తగా తిరుగుతుంది. ర్యామ్ అంటే ఆ క్రీలు. 512 అంటే గోడౌను. క్రీలు చాలనప్పుడు కంప్యూటరు ఒక పని చేస్తుంది. ప్రస్తుతానికి అక్కర్లేదని తోచిన సరుకును గోడౌనుకు పంపి, కావలసింది అక్కడి నుంచి తెప్పించుకుంటుంది. సైడరు కదుర్లు చూడడం మానేసి రోజంతా ట్రాలీ తోసుకుంటూ తిరిగితే ఫ్రేము ఎట్లా నడుస్తుంది? మన పాత దాంట్లో పళ్లెం తిరిగే హార్డ్ డిస్కు ఉంది. అంటే గోడౌను మరీ దూరం. ఫారం మధ్యలో తెర కదలకుండా లోపల గరగరమనే చప్పుడు వింటుంటాము చూడండి, అది ట్రాలీ తిరుగుతున్న చప్పుడు.

ఇంకొక తేడా ఉంది. కరెంటు పోతే గోడౌనులోది పోదు, ర్యామ్‌లో ఉన్నది మొత్తం పోతుంది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు మనది, చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. అయినా సగం నింపిన ఫారం మీద దీపం ఆరిపోయిన రోజులు మన ఆఫీసులో ఎన్నో ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, డబ్బు దగ్గర మళ్లీ వస్తుంది.

సమావేశంలో ఒక యువ మిత్రుడు మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, మనుషులను చంద్రుడి మీదికి తీసుకుపోయిన కంప్యూటరుకు ఎంత మెమరీ ఉంది? పీఎఫ్ ఫారానికి అంతకన్నా ఎక్కువ కావాలా?" అని. జవాబు వింటే మీకే ఆశ్చర్యమేస్తుంది. 1969లో అపోలో నౌకలోని కంప్యూటరుకు రాసి చెరిపే మెమరీ 2,048 పదాలు, అంటే సుమారు 4 కిలోబైట్లు. 8 జీబీ దానికి ఇంచుమించు 20 లక్షల రెట్లు. చెరపనక్కర్లేని ప్రోగ్రాముకు వేరే మెమరీ 36,864 పదాలు ఉండేది. దాన్ని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వాల్తంలోని రేథియన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చేత్తో అల్లారు. సన్నని తీగ ఒక చిన్న అయస్కాంతపు వలయం లోపలి నుంచి పోతే ఒకటి, పక్క నుంచి పోతే సున్న. బట్టల మిల్లుల్లోనూ గడియారాల ఫ్యాక్టరీలోనూ పనిచేసి చేయి తిరిగిన వాళ్లను ఆ పనికి తీసుకున్నారు. అంతకుముందు జకార్డు మగ్గం సంగతి సరేసరి. ధర్మవరంలో, కంచిలో చీర అంచుకు వేసే అట్టల కుట్టలో రంధ్రం ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకొక అర్థం. పువ్వు ఎక్కడ రావాలో ఆ అట్టలకు గుర్తు. కంప్యూటరు మెమరీ మనకు తెలియని విద్య అని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

మరి ఫారానికి ఇంత ఎందుకు? ఇప్పటి ఇంటర్నెట్ పేజీ అంటే ఒట్టి అక్షరాలు కాదు. బొమ్మలు, వెనకాల నడిచే ప్రోగ్రాములు, ఒక్కొక్క పేజీకి విడిగా కేటాయించే చోటు, అన్నీ కలిసి వస్తాయి. పత్తి చౌకగా దొరికిన రోజుల్లో బ్లోరూములో వేస్టు ఎంత పోయినా పట్టించుకునేవాళ్లు కాదు. మెమరీ చౌకైన కాలంలో ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా అట్లాగే అలవాటు పడ్డారు. ఆ వేస్టుకు ఇప్పుడు డబ్బు కట్టేది మనం.

ఊహల మీద కాకుండా కొలిచి చూడాలని కార్యవర్గం నిర్ణయించింది. ఒక సభ్యుడి కొడుకు దగ్గర 8 జీబీ ఉన్న లాప్‌టాప్ అడిగి తెచ్చి వారం రోజులు ఆఫీసు పని దాని మీద నడిపాము. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ ఎంత వాడకంలో ఉందో కనిపిస్తుంది. మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే మీరూ చూడవచ్చు. ఏ పనీ మొదలుపెట్టక ముందే విండోస్ 11 మూడు జీబీ పైన తీసుకుంది. పీఎఫ్ పేజీ, ఈఎస్ఐ పేజీ, వాట్సాప్, సభ్యుల జాబితా అన్నీ తెరిస్తే ఆరు దాకా పోయింది. వారంలో ఒకే ఒక్కసారి ఎనిమిది నిండి యంత్రం మందగించింది.

ఆ ఒక్కసారి ఎందుకో చూశాము. ఒక రిటైరైన అన్న పాత సర్వీసు కాగితాలు తెచ్చాడు, నలభై దాకా ఉన్నాయి. వాటన్నింటినీ రంగుల్లో, అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసి, అన్నీ ఒకేసారి తెరిచిపెట్టారు. ఎ4 కాగితం ఒకటి ఆ లెక్కన 87 లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్లు వేసుకుంటే 2 కోట్ల 61 లక్షలు, అంటే దాదాపు 25 ఎంబీ. నలభై కాగితాలకు ఒక జీబీ. ఫైలుగా దాచినప్పుడు అది కుదించుకుని చిన్నదవుతుంది గాని, తెరిచినప్పుడు మళ్లీ విప్పుకుంటుంది. అవే కాగితాలు రంగు లేకుండా, 200 చుక్కల చొప్పున తీస్తే ఒక్కొక్కటి 39 లక్షల బైట్లకు మించదు. ఆరున్నర రెట్లకు పైగా తేడా. సంతకం, ముద్ర, తేదీ చక్కగా కనబడుతున్నాయి. స్కానరులో ఒక గుర్తు మార్చడానికి పైసా ఖర్చు లేదు. మెమరీ కొనే ముందు ఈ అలవాటు మార్చుకోవాలని ఆఫీసులో రాసి అంటించాము.

ఇక 4 జీబీ మాట. విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్టు వారే చెప్పారు. కనీసం అంటే యంత్రం తెరుచుకుంటుందని అర్థం, పని జరుగుతుందని కాదు. మేము కొలిచిన లెక్క ప్రకారం అందులో మూడు మొదటే పోతుంది. ఎంత తగ్గించి ఇచ్చినా 4 జీబీ యంత్రం వద్దని కార్యవర్గం ఏకగ్రీవంగా అనుకుంది.

గట్టి వాదన 16 జీబీ గురించి జరిగింది. యువ సభ్యుల మాట కొట్టిపారేసేది కాదు. ఇన్నేళ్లుగా అందరూ చెప్పే సలహా ఒకటుండేది: ఇప్పుడు తక్కువ కొను, తర్వాత ధర తగ్గాక కలుపుకో. 2025 చివరి నెలల్లో అది తలకిందులైంది. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద కేంద్రాలకు మెమరీ కావాలి. ప్రపంచంలో అత్యధిక భాగం తయారుచేసేది శాంసంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. లాభం ఎక్కువొచ్చే వైపు అవి మళ్లాయి. మామూలు కొనుగోలుదార్లకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్ని ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ధరలు ఎక్కాయి. ఎక్కడో జరిగే బేరం మన ఊరి లెక్క మార్చడం కేజీఎఫ్ వాళ్లకు కొత్త కాదు. బంగారం తవ్వింది ఇక్కడ, దాని ధర తేలింది లండన్‌లో. "రేపు ఇంకా పెరుగుతుంది, ఇప్పుడే 16 తీసుకుందాం" అని యువకులు అనడానికి కారణం అది.

అయినా మేము 8 జీబీ వైపే మొగ్గాము. ధర ఎక్కువున్నప్పుడు అవసరం లేనిది కొనడం అంటే నష్టాన్ని ఖాయం చేసుకోవడం. రేపు పెరగవచ్చు, తగ్గవచ్చు, మనకు అవసరమే పడకపోవచ్చు. మన పని ఆరుకు అటూ ఇటూ తిరుగుతోంది. కాకపోతే దీనికి ఒక షరతు ఉంది. ఆ 8 జీబీ ఒకే స్టిక్కుగా ఉండాలి, పక్కన ఇంకొక స్లాటు ఖాళీగా ఉండాలి. రెండు నాలుగులు వేస్తే వేగం కొంచెం ఎక్కువని ఒక అంగడిలో చెప్పారు. నిజమే గాని, రెండే స్లాట్లున్న యంత్రంలో రేపు పెంచాలంటే ఉన్నవి తీసి పారేయాలి. ఇంకొకటి, కొన్ని సన్నని యంత్రాల్లో మెమరీని బోర్డుకే అతికించేస్తారు. మన జిల్లాలోనే నరసాపురలో, ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్ చేతిలో ఉన్న ఫ్యాక్టరీలో, ఐఫోన్లు జోడించే పిల్లలను అడగండి, ఫోనులో మెమరీ కలిపే స్లాటు ఎక్కడైనా ఉందా అని. అట్లాంటి కంప్యూటరు అయితే మాత్రం మొదటే 16 తీసుకోక తప్పదు. కాబట్టి అట్లాంటిది కొనొద్దు. బిల్లు కట్టే ముందు మూత విప్పి స్లాటు చూపించమని అడగాలి. చూపించని అంగడి మనకొద్దు.

రెండో 8 జీబీకి పోయే డబ్బు ఎక్కడ పెట్టాలి? ఒకటి, తిరిగే డిస్కు బదులు ఎస్ఎస్‌డీ. గోడౌను దగ్గరికి వస్తే ట్రాలీ నడక తగ్గుతుంది. రెండు, యూపీఎస్. ఫారం మధ్యలో కరెంటు పోయినా ముగించి దాచుకునేంత సేపు నిలబడితే చాలు. మూడు, సభ్యుల కాగితాల నకలు ఉంచే విడి డిస్కు, అది కోశాధికారి బీరువాలో ఉండాలి. మెమరీ ఎంత పెంచినా ఈ మూడూ చేసే పని అది చేయదు.

పాత యంత్రాన్ని తుక్కుకు వేయడం లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని మీ ఆధారు, బ్యాంకు వివరాలున్న పని దాని మీద ఇక చేయము, ఇంటర్నెట్ తీగ పీకేస్తాము. ఈ బులెటిన్ పేజ్‌మేకర్‌లో అను అక్షరాలతో కూర్చడానికి దానికున్న 4 జీబీ కావలసినంత. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దే అన్నకు ఆ కీబోర్డే అలవాటు కూడా.

నవంబరులో పెన్షనర్లు జీవన్ ప్రమాణ్ కోసం వరుస కడతారు. అంతకన్నా ముందే కొత్తది బల్ల మీద ఉండాలి. మూడు అంగళ్ల కొటేషన్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఇప్పుడు చదివి వినిపిస్తారు. 16 జీబీ కావాలనే మిత్రులు తమ లెక్క చెప్పిన తర్వాతే ఓటింగు.