రిజిస్టరులో అంకె – రక్తంలో రక్షణ

నేను వైద్యుణ్ణి కాను, నెలవారీ నివేదికలు తయారుచేసిన గుమాస్తాను. కనుక జబ్బు గురించి కాక దాని అంకెల గురించే మాట్లాడతాను.

ఎవరికీ రక్షణ లేని చోట తట్టు సోకిన ఒక్క బిడ్డ 12 నుంచి 18 మందికి అంటిస్తుందని లెక్క. ఆ 18 మందిలో 17 మందికి రక్షణ ఉంటేనే గొలుసు తెగుతుంది. నూటికి 95 మంది ఉండాలనడం అందుకే. పత్రికలవారు హెర్డ్ ఇమ్యూనిటీ అనే ఈ సామూహిక రక్షణే, టీకా వయసు రాని పసికందులకు గోడ.

ఆ గోడ ఉన్నదీ లేనిదీ రిజిస్టరు చెప్పదు. 100 మంది పిల్లల్లో 90 మందికి తొమ్మిదో నెలలో మొదటి డోసు వేశారనుకోండి. ఆ వయసులో వేస్తే నూటికి సుమారు 85 మందికే అది పనిచేస్తుంది. అంటే నిజమైన రక్షణ 76 మందికే! 16–24 నెలల మధ్య రెండో డోసు పెట్టింది ఇందుకే. పైగా ఆ 100 అన్నదే అంచనా. వలస వచ్చినవారు అందులో ఉండకపోవచ్చు. నూటికి నూట నాలుగు సాధించామన్న నివేదికలు మనలో చాలామంది చూసినవే కదా!

అందుచేత ఇంటింటికీ వెళ్ళి కార్డులు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం 30 చోట్ల, చోటుకు ఏడుగురు చొప్పున 210 మంది పిల్లలను చూసే పద్ధతి నడిపింది. లేదా రక్తం పరీక్షించాలి. 2021 జూన్–జూలైలలో ఐసీఎంఆర్ 70 జిల్లాల్లో చేసిన కోవిడ్ సర్వేలో మన కృష్ణా, నెల్లూరు, విజయనగరం, జనగామ, కామారెడ్డి, నల్గొండ ఉన్నాయి. దేశం మొత్తంమీద నూటికి 67.6 మందికి యాంటీబాడీలు కనిపించాయి. గండం గడిచిందనుకున్నారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వారిలో ఎందరినో మళ్ళీ పట్టుకుంది. కోవిడ్ వైరస్ రూపు మార్చుకుంటుంది. తట్టుకు ఆ విద్య లేదు, కాబట్టి దాని విషయంలో ఈ కొలత నమ్మదగినది.

అయితే సగటుతో జాగ్రత్త. జిల్లాకు 92 ఉన్నా ఒక బస్తీలో 60 ఉంటే నిప్పు అక్కడే అంటుకుంటుంది. 2022 చివర ముంబైలో తట్టు ప్రబలి పిల్లలు చనిపోయినప్పుడు ఎక్కువ దెబ్బ తిన్నవి టీకాలు సరిగా అందని ఇరుకు వాడలే. జిల్లా అంకె చూసి తృప్తిపడక ఆ వాడను వెతకడమే అసలు పని.

మన మనవల కార్డులే కాదు, మన ఇళ్ళకు పనికి వచ్చేవారి పిల్లల కార్డులు కూడా అడిగి చూడండి. రెండో డోసు గడి ఖాళీగా ఉంటే అయిదేళ్ళు నిండేలోగా వేయించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ బుధ, శనివారాలు టీకా రోజులు.