మన భూమి లెక్క ఎవరు చూడాలి? ఎవరు మార్చాలి?

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మన తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పేరు మారినా మన భూముల లెక్క కంప్యూటర్లోనే ఉంది.

కంప్యూటర్లో చూడటానికి ఒక అనుమతి, మార్చడానికి మరొక అనుమతి ఇవ్వవచ్చు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏ సర్వే నంబరు ముట్టుకున్నారు అన్నదీ నమోదు చేయవచ్చు. పాత పహాణీలో దిద్దితే కొట్టివేత కనబడేది. కంప్యూటర్లో ఆ నమోదే సాక్ష్యం. దాన్ని అధికారులే చూడగలిగితే, మన పొలం మరొకరి పేరున ఎక్కిన సంగతి బ్యాంకులో పంట రుణం అడిగిన రోజునే తెలుస్తుంది.

అన్నీ అందరికీ చూపమని మనం అనడం లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా దాచాల్సిందే. మనం అడిగేవి మూడు.

ఒకటి, తన సర్వే నంబరులో ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మార్పు చేశారో పట్టాదారుకు కనబడాలి.

రెండు, మార్పుకు ముందే ఫోనుకు మెసేజ్ రావాలి.

మూడు, మండలంలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని నెలలుగా ఆగాయి అన్న అంకెలు ప్రతి నెలా తహశీల్దారు ఆఫీసు నోటీసు బోర్డుపై పెట్టాలి.

2005 సమాచార హక్కు చట్టం కింద ఆ అంకెల కోసం ఊరికొక దరఖాస్తు వేద్దాం. వచ్చిన జవాబులు సంఘం ఆఫీసుకు తెచ్చివ్వండి. అన్నీ కలిపి లెక్కగట్టి కలెక్టరు ముందు పెడదాం.