కొత్త కారు పందెం ఆట – పిల్లల ఎదురుచూపు



ఎదురుచూడడం మన ఆడవాళ్ళకు కొత్త విద్య కాదు. వాన కోసం ఎదురుచూస్తాం. కుళాయి దగ్గర బిందెలు వరసబెట్టి నీళ్ళ కోసం ఎదురుచూస్తాం. మిరపకాయకు ధర వస్తే, పత్తికి ధర వస్తే బజారులో నాలుగు డబ్బులు ఆడతాయని దుకాణాల వాళ్ళ ఇళ్ళల్లోనూ ఎదురుచూస్తారు. కనిగిరి లాంటి మెట్ట ఊళ్ళో కాపురం చేసేవాళ్ళకు ఓర్పు ఒకరు నేర్పనక్కర లేదు. అయితే ఈమధ్య మన పిల్లలు ఇంకో రకం ఎదురుచూపు పట్టుకున్నారు. ఎక్కడో సీమలో తయారయ్యే ఒక వీడియో గేము, అందులోనూ కారు పందెం ఆట, ఎప్పుడు విడుదలవుతుందా అని నెలల తరబడి వేళ్ళు మడిచి లెక్కబెడుతున్నారు. మనకేమో అది వేళాకోళంగా ఉంటుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా. ఆ ఎదురుచూపులో ఏముందో, దానికి మనం ఎక్కడ పగ్గం వెయ్యాలో ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. పందెం అనే మాట చెవిన పడితే తల్లి గుండె ఝల్లుమంటుంది. తెలుగులో పరుగూ పందెమే, డబ్బు ఒడ్డడమూ పందెమే. పిల్లవాడు చెప్పేది ఏ పందెమో తెలుసుకోకుండా కేకలేస్తే లాభం లేదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ పార్లమెంటు చట్టం చేసింది. నేను చెబుతున్న కారు పందెం ఆటలు ఆ కోవలోవి కావు. గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. కొనడానికి మాత్రం బాగానే అవుతుంది. ఆ లెక్క తర్వాత చూద్దాం.

పందెం చూడాలనే సరదా మన ప్రాంతానికి నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఉందంటే, ఏ ఊరి జత వస్తోంది, కిందటేడు ఎంత దూరం లాగింది అని పది రోజుల ముందునుంచే అరుగుల మీద ముచ్చట్లు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ సంగతి సరేసరి. ఆకాశాన్నంటే ప్రభలకు దీపాల తోరణాలు కట్టి నిలబెడితే, ఆ వెలుగు చూడడానికి పసిపిల్లల్ని చంకనేసుకుని వెళ్ళినవాళ్ళం మనం. ప్రభ వెలిగేది ఒక్క రాత్రే. కట్టేవాళ్ళకూ చూసేవాళ్ళకూ పండగ మాత్రం నెల ముందే మొదలవుతుంది. మన పిల్లల ఎదురుచూపు కూడా ఆ జాతిదే.

ఈ కారు ఆటలకూ ఒక చరిత్ర ఉంది. 1974లో అమెరికాలో అటారీ అనే కంపెనీ గ్రాన్ ట్రాక్ 10 అనే ఆటను తీసుకొచ్చింది. నాణెం వేసి, చక్రం తిప్పి ఆడే పెట్టె అది. నల్లటి తెర, దాని మీద చుక్కలతో గీసిన దారి, అంతే. 1982లో జపానులో నామ్‌కో కంపెనీ పోల్ పొజిషన్ తెచ్చింది. అందులో దారి మన కళ్ళముందు పరుచుకున్నట్టు ఉంటుంది, దూరంగా ఫ్యూజీ పర్వతం కనిపిస్తుంది. 1986లో సేగా కంపెనీ అవుట్ రన్ వచ్చింది. యూ సుజుకి అనే ఆయన రూపకల్పన చేసిన ఆట. ఎర్ర కారు, సముద్రపు ఒడ్డు, దారి రెండుగా చీలిన చోట కుడికి పోతారో ఎడమకి పోతారో మీ ఇష్టం. అన్నిటికంటే నాకు నచ్చిందేమంటే, కారు కదిలే ముందు ఆటగాడు రేడియో తిప్పి తనకు కావలసిన బాణీ ఎంచుకోవాలి! రేడియోలో మాట్లాడే దాన్ని గనుక ఆ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాను.

అంగళ్ళలో, వినోదశాలల్లో నాణెం వేసి ఆడిన ఆ పెట్టెల్నే ఆర్కేడ్ ఆటలన్నారు. నాణేనికి రెండు మూడు నిమిషాలే గనుక ఆట తేలిగ్గా పట్టుబడాలి, చూడగానే కన్ను చెదరాలి. అందుకే ఆర్కేడ్ పద్ధతి ఆటలో కారు గోడకు గుద్దుకున్నా మళ్ళీ లేచి పరుగెత్తుతుంది. నిజం కారు లాగా టైరు అరుగుదల, బ్రేకు బరువు అన్నీ లెక్కగట్టే ఆటలు వేరే ఉన్నాయి. మన పిల్లలు ఎక్కువగా మోజుపడేది మొదటి రకం మీద.

ఇక ఆ బొమ్మల అందం సంగతి. మీరు కనిగిరి నుంచి పొదిలి మీదుగా ఒంగోలు బస్సులో పోతూ కిటికీ పక్కన కూర్చోండి. రోడ్డు పక్క తుమ్మచెట్లు సర్రున వెనక్కి పోతాయి. చేలు నిదానంగా పోతాయి. కనిగిరి కొండ మాత్రం చాలాసేపు మనతోనే వస్తున్నట్టుంటుంది. వేగం అనేది కంటికి తెలిసేది ఈ తేడాతోనే. ఆ పాత ఆటలవాళ్ళు పట్టుకున్న కిటుకు ఇదే. ఇప్పటి కిటుకు ఇంకొకటి. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందెలో వంటిల్లంతా వంకరగా కనిపిస్తుంది గదా! కిటికీ వెలుగు, పొయ్యి మంట, మన ముఖం, అన్నీ. ఆటలో కారు రేకు మీద, తడిసిన రోడ్డు మీద అట్లా ప్రతిబింబం పడాలంటే వెలుగు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడ తగిలి ఎటు పోయిందో యంత్రం లెక్కగట్టాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు, అవి ముందే తీసి పెట్టినవి. ఆటలో సెకనుకు 30, 60 బొమ్మలు కూడా ఉంటాయి. పిల్లవాడు చక్రం ఎటు తిప్పుతాడో ముందు తెలియదు గనుక ప్రతి బొమ్మా అప్పటికప్పుడు గీయాల్సిందే. మనం "ఆ పెట్టె ఊరికే వేడెక్కుతోంది" అంటాం. అది చేసే చాకిరీ అది!

ఇట్లాంటి ఆటల్లో పేరు మోసినది ఫోర్జా హొరైజన్ వరుస. ఇంగ్లండులోని ప్లేగ్రౌండ్ గేమ్స్ అనే సంస్థ తయారుచేస్తుంది, మైక్రోసాఫ్ట్ విడుదల చేస్తుంది. 2012లో మొదటిది అమెరికాలోని కొలరాడో నేపథ్యంగా వచ్చింది. 2014లో ఫ్రాన్సు, ఇటలీ, 2016లో ఆస్ట్రేలియా, 2018లో బ్రిటన్, 2021లో మెక్సికో. ఆరో ఆట జపానులో జరుగుతుందని 2025 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో ప్రకటించారు, విడుదల 2026లో అన్నారు. 1982లో చుక్కల మధ్య కనిపించిన ఆ ఫ్యూజీ కొండే మళ్ళీ పిల్లల్ని పిలిచిందన్నమాట. ఇందులో మనవాళ్ళ చెయ్యి లేకపోలేదు. మైక్రోసాఫ్ట్‌కు 2014 నుంచి అధిపతిగా పనిచేసిన సత్య నాదెళ్ళ గారు హైదరాబాదులో పుట్టినవారు. బెంగుళూరులోని ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థలో మన దేశపు చిత్రకారులు ఈ ఫోర్జా వరుసకు బొమ్మల పని చేశారు. కాబట్టి ఈ ఆటల్ని చూసి "పనికిమాలినవి" అని ఒక్క మాటతో కొట్టిపారేయడం సబబు కాదు. ఆ తెర వెనుక లెక్కలుంటాయి, చిత్రలేఖనం ఉంటుంది, సంగీతం ఉంటుంది, వాటితో బతికే కుటుంబాలూ ఉన్నాయి.

సరే, ఇప్పుడు డబ్బు లెక్క. ఆటకంటే ముందు ఆడే యంత్రం కావాలి. ఎక్స్‌బాక్స్ అనే యంత్రం 2020 నవంబరులో మన దేశంలో విడుదలైనప్పుడు పెద్దది 49,990 రూపాయలు, చిన్నది 34,990 రూపాయలు. పెద్దదాని ధర తర్వాత పెరిగింది కూడా. ఆట వెల వేరే, అదీ వేలల్లోనే. మధ్యతరగతి ఇంట్లో ఇది చిన్న మాట కాదు.

మా వీధిలో ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. భర్తది బట్టల కొట్టు. కొడుకు ఇంటరు, కూతురు తొమ్మిదో తరగతి. ఆ ప్రకటన వచ్చిన దగ్గరనుంచీ పిల్లవాడికి అన్నం సయించడం లేదు. ఫోనులో ఆ కాస్త బొమ్మనే నూరుసార్లు చూస్తాడు. ఒకనాడు తల్లి దగ్గర చేరి, "అమ్మా, ఈ నెల చీటీ పాడవే. యంత్రం ఇప్పుడే కొనిపెట్టుకుంటే, ఆట రాగానే మొదటిరోజే ఆడొచ్చు" అన్నాడు.

ఆ చీటీ ఆమె కూతురు చదువు కోసం కడుతున్నది. అయినా ఆమె కసురుకోలేదు. "ఇట్టా కూర్చో" అని పక్కన కూర్చోబెట్టుకుంది. "ముందు నెలల్లో పాడితే ఏమవుతుందిరా? తగ్గించి పాడుకోవాలి, పదివేలో పన్నెండు వేలో పోతయ్యి. ఆఖరిదాకా ఆగినవాళ్ళకి నిండుగా వస్తది. నీ ఆటా అంతే. ఎగబడినవాడికి తరుగు, ఆగినవాడికి నిండు" అంది.

పిల్లవాడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడోరోజు ఆమే అడిగింది, "అసలు ఆ ఆటలో ఏముంటదో నాకు చెప్పరా" అని. వాడు నోరు తెరిచేలోపు చెల్లెలు అందుకుంది. వాన పడ్డాక రోడ్డు మీద దీపాలు ఎట్లా సాగి కనిపిస్తాయో, వెనకటి ఆటలో నాలుగు ఋతువులు ఎట్లా మారేవో గడగడా చెప్పేసింది. "ఆడపిల్లవి, కార్ల సంగతి నీకెందుకే?" అన్నాడు అన్న. "నువ్వు చూసేది ఎవరు గెలిచారని. నేను చూసేది రోడ్డు ఎట్టా గీశారని" అంది ఆ పిల్ల. ఆ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఇద్దరున్నారని ఆ తల్లికి అప్పటిదాకా తెలియనే తెలియదు! ఆ రోజునుంచీ ఒక డబ్బా పెట్టారు. పండగ డబ్బులు, మేనమామ ఇచ్చిన డబ్బులు ఇద్దరివీ అందులోనే. చీటీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఆమె చెప్పిన చీటీ న్యాయానికి లోకంలోనే ఒక రుజువుంది. 2013 ఫిబ్రవరిలో సోనీ కంపెనీ తన కొత్త యంత్రంతో పాటు డ్రైవ్‌క్లబ్ అనే కారు పందెం ఆటను ప్రకటించింది. చూపించిన బొమ్మలకు జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. మన భారతదేశపు దారులు కూడా అందులో ఉన్నాయి. ఆ ఏడాది నవంబరులో రావలసినది 2014 అక్టోబరుకు గాని రాలేదు. తీరా వచ్చాక, నలుగురూ కలిసి ఆడడానికి కావలసిన సర్వర్లు తట్టుకోలేక మొరాయించాయి. మొదటిరోజే ఎగబడి కొన్నవాళ్ళు ఆడలేక తలలు పట్టుకున్నారు. నిదానం మీద ఆ ఆట బాగుపడింది. అదే డిసెంబరులో వాన, మంచు చేర్చితే ఆ అందానికి అందరూ మెచ్చుకున్నారు. అయినా 2016లో దాన్ని తయారుచేసిన సంస్థే మూతబడింది. 2020 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, కలిసి ఆడే సౌకర్యం అంతటితో సరి.

ఇది మన పత్తి, మిరప రైతుకు తెలియని నీతి కాదు. విత్తనాల సంచి మీద బొమ్మ ఎప్పుడూ విరగకాసే ఉంటుంది. చేలో ఎట్లా కాసిందో పొరుగు రైతును అడిగిగాని తెలివైనవాడు కొనడు. ఆటకు ముందు వచ్చే ట్రైలరు సంచి మీది బొమ్మ. అది అబద్ధమని కాదు, అది పంట కాదు, అంతే.

అందుచేత సోదరీమణులారా, పిల్లల ఎదురుచూపును చంపవద్దు, దానికొక గట్టు కట్టండి. ఆట విడుదల కాకముందే డబ్బు కట్టించుకునే పద్ధతి ఒకటుంది, దానికి ఒప్పుకోకండి. విడుదలయ్యాక రెండు మూడు నెలలు ఆగితే ఆడినవాళ్ళ మాట తెలుస్తుంది, ఒక్కోసారి ధరా తగ్గుతుంది. ఇంట్లో ఉన్న టీవీకి, కంప్యూటరుకు ఆ ఆట ఆడే సత్తా ఉందో లేదో ముందు కనుక్కోండి. ఫోనులో ఉచితంగా వచ్చే కారు ఆటలున్నాయి. ఆట ఉచితమే గాని, లోపల కొత్త కారుకింత, రంగుకింత అని అడుగుతూనే ఉంటుంది. ఫోనులో డబ్బు చెల్లించే రహస్య సంఖ్య పిల్లలకు చెప్పకండి, వచ్చే ఓటీపీ మీరే చూసుకోండి. ఆడే వేళ ఇంతని ముందే అనుకోండి. చదువు, నిద్ర, తిండి అన్నిటినీ ఆట మింగేసి, ఆ తీరు నెలల తరబడి సాగితే అది జబ్బు కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో దాన్ని చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లోకి వచ్చింది. అట్లాంటప్పుడు తిట్టడం కాదు, డాక్టరుకు చూపించడం మన పని.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్క పావుగంట పిల్లల పక్కన కూర్చుని ఆ తెర వంక చూడండి. ఎందుకు బాగుందో వాళ్ళనే చెప్పమనండి. ఒకరు వేగం చూస్తారు, ఒకరు రంగు చూస్తారు, ఒకరు ఈ బొమ్మ ఎట్లా గీశారని అడుగుతారు. ఆ మూడోవాళ్ళను జాగ్రత్తగా కనిపెట్టి ఉండండి. రేపు అట్లాంటి ఆటను గీసేవాళ్ళు మన ఇంట్లోంచే, మన కనిగిరి నుంచే రావచ్చు. ఆ చదువుకు ఎదురుచూడాల్సి వస్తే, ఆఖరి నెల చీటీ దానికి పనికొస్తుంది.