శిబిరం అయిపోయాక రెండో నెల

అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. ఆ రోజు మన ఊళ్ళలో ఏం జరుగుతుందో ఇక్కడున్న సంఘాల పెద్దలకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ర్యాలీ, కూడలిలో మానవహారం, దాతల ఫొటోలతో ఫ్లెక్సీ, ఒక న్యూరాలజిస్టు గారి ప్రసంగం, చివర్లో ఇడ్లీ, కాఫీ. వీటిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మూతి వంకరపోవడం, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులని జనానికి తెలిసిందంటే కొంత ఈ సభల పుణ్యమే. కానీ పక్షవాతం రాకుండా చూడడానికి సంఘాలు చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా చిన్నది ఇదేనని నా వాదన. బీపీ కొలిచి, ఎక్కువున్న మనిషిని నెలనెలా వదలకుండా వెంటపడే పని ఒకటుంది. దాన్ని సంఘం చేసినంత బాగా ఆస్పత్రి కూడా చేయలేదు.

బీపీ మీదే ఎందుకింత పట్టు? 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2016లో తేల్చిందేమంటే, పక్షవాతాల్లో పదింట తొమ్మిదికి మనం మార్చుకోగల కారణాలు పదే. షుగరు, పొగ, మద్యం, పొట్ట, కదలకుండా కూర్చోవడం, గుండె జబ్బులు అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో పెద్దది అధిక రక్తపోటు. దాని వాటాయే దాదాపు సగం. ఇది పట్నం జబ్బనీ, డబ్బున్నవాళ్ళ జబ్బనీ అనుకోవడానికి వీల్లేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు వెతికితే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ ఇంచుమించు సమాన వాటా. బీపీతో చిక్కేమిటంటే అది నొప్పి పెట్టదు. ‘బానే ఉన్నానుగా, మాత్రలెందుకు’ అనే మాటకు మనిషి ఒంట్లోంచి జవాబు రాదు.

అయితే ఆ జవాబు మనమే చెబుదాం, అవగాహన పెంచుదాం అంటారు. మన దేశంలోనే ఆ పరీక్ష జరిగింది. స్ప్రింట్ ఇండియా పేరుతో 31 ఆస్పత్రుల్లో, ఒకసారి పక్షవాతం వచ్చిన నాలుగు వేల మందికి పైగా రోగులను తీసుకుని, సగం మందికి వాళ్ళ భాషలోనే మెసేజ్‌లు, వీడియోలు, పుస్తకం ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మళ్ళీ పక్షవాతమో గుండెపోటో రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు. ఫలితం తేలేలా లేదని ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. వాళ్ళు అప్పటికే మంచి వైద్యుల చేతిలో ఉన్నారు కాబట్టి కొత్తగా కలిసొచ్చేది తక్కువే అనవచ్చు. అది న్యాయమైన మాటే. ఎన్నడూ బీపీ చూపించుకోనివాడికి మాట పనికిరాదని ఈ ప్రయోగం రుజువు చేయలేదు. అయినా, జబ్బు పడి లేచి భయం తెలిసినవాళ్ళకే ఉత్త సందేశం వల్ల ఒరిగింది లేకపోతే, కూడలిలో మైకు విని వెళ్ళిపోయేవాడికి ఎంత ఒరుగుతుంది?

ఇక మెడికల్ క్యాంపు. దాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఒకాయన ఎండలో నడిచొచ్చి, క్యూలో నిలబడి, టీ తాగి, వెన్ను ఆనని ప్లాస్టిక్ స్టూలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. చొక్కా చేతి మీదనే పట్టీ చుడతారు. మిషన్ నడుస్తుండగా పక్కవాడితో మాట్లాడుతూనే ఉంటాడు. ఆ లెక్కను నమ్మేదెలా? ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వెన్ను ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, గుండె ఎత్తులో బల్ల మీద చెయ్యి ఉంచి, చేతికి సరిపోయే పట్టీ ఒంటి మీదే కట్టి, మాటల్లేకుండా రెండుసార్లు చూడాలి. సరే, చూశారు, ఎక్కువే ఉంది. ఒక చీటీ, కొన్ని మాత్రలు ఇస్తారు. అవి అయిపోయిన రోజున ఆ మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇన్ని వందల మందికి పరీక్షలు చేశామని పేపర్లో వస్తుంది. రెండో నెల ఎంతమంది మాత్ర వేసుకున్నారో ఏ పేపర్లోనూ రాదు.

2018లో లాస్ ఏంజెలెస్‌లో 52 క్షౌరశాలల్లో జరిగిన ప్రయోగం ఈ రెండో నెల గురించే. బీపీ ఎక్కువున్న 319 మంది నల్లజాతి పురుషులను ఎంచుకున్నారు. కొన్ని షాపుల్లో మంగలి సలహా మాత్రం చెప్పాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. మిగతా షాపులకు ఫార్మసిస్టే వచ్చి, డాక్టర్లతో ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం మందు రాసిచ్చాడు, సరిచేశాడు. ఆరు నెలలకు సలహా షాపుల్లో పై అంకె 9 పాయింట్లు తగ్గితే, మందు షాపుల్లో 27 తగ్గింది. మనకింకా దగ్గరిది, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక పల్లెల్లో రెండేళ్ళు నడిచిన కోబ్రా ప్రయోగం. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి కొలిచి, ఎక్కువున్నవాళ్ళను సర్కారు వైద్యుడికి పంపినచోట మిగతా పల్లెలకన్నా 5 పాయింట్లు అదనంగా తగ్గింది. ఒక మనిషికి అది చిన్న అంకె. ఊరంతటికీ తగ్గితే చిన్నది కాదు.

సంఘంవాళ్ళు వైద్యులు కారు కదా, లేనిపోని భయం పుట్టిస్తారేమో అని వైద్యులే అంటుంటారు. మందు రాయడం సంఘం పని కాదు, కానేకూడదు. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంది. దేశంలో 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ తొలి విడత రాష్ట్రాల్లోనే ఉంది. మాత్ర ఉన్నచోటికి మనిషిని నెలనెలా చేర్చడమే మిగిలిన పని. సభలకు వచ్చేవాళ్ళు ఎలాగూ జాగ్రత్తపరులే, రావలసినవాళ్ళు రారు అనే మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నలభై ఐదేళ్ళ ఆటో డ్రైవరు, తాపీ మేస్త్రీ, మిల్లు హమాలీ మన హాలుకు రారు. అందుకే మిషన్ ఆటో స్టాండుకు, కూలీల అడ్డాకు, కల్లు కాంపౌండుకు వెళ్ళాలి. ‘ఏరా, ఈ నెల మాత్రలు తెచ్చుకున్నావా?’ అని అడిగే బాబాయి ఆస్పత్రిలో ఉండడు, యూనియన్‌లో ఉంటాడు.

ఉప్పు సంగతి వేరు, అక్కడ ఒక్కో మనిషి వెంటా పడనక్కర్లేదు. రోజుకు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే మనవాళ్ళు సుమారు రెట్టింపు తింటున్నారు. చైనాలో 600 పల్లెల్లో మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడించి, సుమారు ఐదేళ్ళు చూస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అదే ప్యాకెట్లు మనమూ పంచేద్దామని తొందరపడకండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు పొటాషియం ఒంట్లో పేరుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. మూత్రపిండాల జబ్బు ప్రబలిన ఉద్దానం ఉన్న తెలుగునేల మీద ఇది మరిచిపోవడానికి వీల్లేదు. సంఘం చేతిలో నేరుగా ఉన్నది సామూహిక వంట. కార్తీక వనభోజనాలు, అన్నదానాలు, కల్యాణ మండపాలు. పప్పులో, కూరలో, పులిహోరలో ఉప్పు కాస్త కాస్త తగ్గిస్తూ పోతే ఎవరూ పట్టుకోలేరు. ఆవకాయ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, సభ్యత్వాలు రద్దవుతాయి.

ఎంత చేసినా కొందరికి పక్షవాతం వస్తుంది. గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. పెద్ద నాళంలో గడ్డ ఉన్న కొందరికి 24 గంటల దాకా కూడా దాన్ని బయటికి తీయగలుగుతున్నారు. గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ స్కానే చెప్పాలి. అది తేలకుండా ఆస్పిరిన్ గానీ, మింగగలడో లేదో చూడకుండా మంచినీళ్ళు గానీ నోట్లో వేయకూడదు. సమయం పోయేది ఎక్కువగా దారి తెలియకే. తెల్లారనిద్దామని కాసేపు, స్కాన్ లేని ఆస్పత్రిలో కాసేపు. అర్ధరాత్రి సీటీ, ఇంజక్షను రెండూ ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో సంఘం ముందే కనుక్కుని, 108 నంబరు పక్కనే రాసి పెట్టాలి. పసరు వైద్యంతో లేచి నడిచినవాళ్ళు లేరా అని అడుగుతారు. చాలామందిలో కొన్ని వారాలకు కొంత కదలిక దానంతటదే వస్తుంది. ఘనత ఆ సమయానికి చేస్తున్న వైద్యానికి పోతుంది. ఆ వైద్యుడితో పోట్లాటకన్నా, మొదటి రోజు వచ్చినవాణ్ణి ఆస్పత్రికి పంపమని ఒప్పించడం మేలు.

ఇదంతా మహిళా సంఘాలకు అప్పజెబితే పోలేదా అని ఎవరో ఒకరు అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సంగతి ఉదాహరిస్తారు. ఆ పోరాటాన్ని వాళ్ళే ఎంచుకున్నారు, పైనుంచి ఎవరూ అంటగట్టలేదు. ఇప్పుడు పొదుపు, వాయిదాలు, ప్రతి ప్రభుత్వ పథకం సమావేశం వాళ్ళ నెత్తి మీదే ఉన్నాయి. జీతం లేని ఇంకో రిజిస్టరు పెట్టడం అన్యాయం. సొంత భవనం, బ్యాంకులో డబ్బు, ఖాళీ ఆదివారాలు ఉన్నవి వాకర్స్ సంఘాలు, కుల సంఘాలు, పెన్షనర్ల సంఘాలు. ఫ్లెక్సీల ఖర్చుతో మంచి బీపీ మిషన్లు వస్తాయి. మొదటి నెలలో కార్యవర్గ సభ్యులే కొలిపించుకుని, ఎక్కువున్నవాళ్ళ పేర్లు రాసుకోవచ్చు. రెండో నెల వాళ్ళలో ఎవరు రాలేదో చూసి, ఇంటికి వెళ్ళి తలుపు తట్టే సభ్యుడెవరో ఈ సమావేశంలోనే తేల్చండి.